మాటలు గలగలా వస్తాయి, చదవమంటే తడబడతాడు... మా బాబుకి ఏమైంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో క్లాసు. కబుర్లు మొదలుపెడితే ఆపడు, ఒక్కసారి విన్న కథ పొల్లు పోకుండా చెప్తాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు, ఒత్తులు మింగేస్తాడు. టెస్ట్ చేయిస్తే నిమిషంలో జంతువుల పేర్లు పదిహేను చెప్పాడు, ‘క’తో మొదలయ్యే మాటలు మూడు చెప్పి ఆగిపోయాడు. వెర్బల్ ఫ్లూయెన్సీ, అంటే అడిగిన వెంటనే మాటలు గబగబా తట్టడం, తక్కువ అని రిపోర్ట్ ఇచ్చారు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటున్నారు, నాకేమో బ్రెయిన్‌లో ఏదైనా లోపమా అని భయం. మావారు కూడా చిన్నప్పుడు చదవడంలో వెనకే ఉండేవారట. జ్ఞాపకశక్తి సిరప్ ఏదైనా వాడమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. పదిహేను, మూడు. రిపోర్టులో ‘తక్కువ’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ అసలు సంగతి ఆ రెండిటి మధ్య తేడాలోనే ఉంది.

జంతువులు చెప్పమన్నప్పుడు ఆవు అనగానే గేదె, గేదె వెనకే మేక, అలా ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకోటి వచ్చేస్తుంది, ఎందుకంటే అవన్నీ అర్థంలో చుట్టాలు. ‘క’ అన్నప్పుడు ఆ దారి పనిచెయ్యదు. కుక్క అని తట్టగానే నాలుక మీదికి పిల్లి వస్తుంది, దాన్ని ఆపాలి, ఆపి ‘క’ అనే శబ్దాన్ని పట్టుకుని కంచం, కిటికీ, కోతి అని సంబంధం లేని మాటల్ని వెతుక్కోవాలి. మీరే ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టుకుని రెండూ చేసి చూడండి, పెద్దవాళ్లకి కూడా చాలామందికి రెండోదే కష్టంగా ఉంటుంది. మీ బాబుకి మాటలకి కొదవ లేదు, అర్థంతో వెతికితే దొరుకుతున్నాయి, శబ్దంతో వెతికితే దొరకట్లేదు. చదవడానికి కావలసింది సరిగ్గా ఆ రెండో పనే.

1995లో ఊటా ఫ్రిత్, కారిన్ లాండెర్ల్, క్రిస్ ఫ్రిత్ అనే పరిశోధకులు డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం దగ్గర తడబడే ఇబ్బంది, ఉన్నవాళ్లలో చూసింది కూడా ఈ తేడానే, శబ్దం పట్టుకుని మాటలు చెప్పమన్న చోట వెనకబడ్డారు, అర్థం పట్టుకుని చెప్పమన్న చోట అంతగా కాదు. అయితే ఈ ఒక్క టెస్ట్ చూసి డిస్‌లెక్సియా అని నేను రాసివ్వను, ఎవరు రాసిచ్చినా ఒప్పుకోకండి. చదివే వేగం, తప్పులు, స్పెల్లింగు, మాటని శబ్దాలుగా విడగొట్టడం, రంగులూ బొమ్మల పేర్లూ ఎంత టకటకా చెప్తున్నాడు, ఇవన్నీ చూడాలి. బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష అయితే రెండిట్లోనూ చూడాలి.

బద్ధకం అన్న మాట మాత్రం ఇవాళ్టి నుంచి ఇంట్లో ఆపించండి, గట్టిగా చెప్తున్నాను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టర్ పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి రాశాడు, తెలివైనవాడే, లెక్కలు చేస్తాడు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెప్పి నోటితోనే అడిగితే బడిలో వీడే అందరికంటే చురుకైనవాడు అన్నాడట వాళ్ల మాస్టారు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ పిల్లాడే గుర్తొచ్చాడు.

ఒత్తులు ఎందుకు మింగుతాడో చూడండి. ‘రాత్రి’ అన్న మాటలో కంటికి త కనపడుతుంది, పైన గుడి, కింద ర ఒత్తు, ఇవన్నీ కలిపి ఒకే దెబ్బలో ‘త్రి’ అనాలి. శబ్దాల్ని విడగొట్టి కలపడం నెమ్మదిగా ఉన్న పిల్లాడు ఆ ర దగ్గరికి చేరేలోపే ‘రాతి’ అనేసి ముందుకెళ్లిపోతాడు. పలికినట్టే రాసే భాషల్లో ఈ ఇబ్బంది తప్పుల కంటే నెమ్మదిగా చదవడంలోనే ఎక్కువ బయటపడుతుంది, అందుకే చాలాసార్లు ఆలస్యంగా పట్టుకుంటారు. 2001లో ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు చదివే డిస్‌లెక్సియా ఉన్నవాళ్ల బ్రెయిన్ స్కాన్లు పోల్చి చూశారు, ఇటాలియన్ వాళ్లు మెరుగ్గానే చదివారు, కానీ బ్రెయిన్‌లో ఎడమవైపు ఒకే భాగం మూడు భాషలవాళ్లలోనూ తక్కువగా పనిచేసింది. ఇది దెబ్బ తగిలిన బ్రెయిన్ కాదమ్మా, పనిని వేరేగా పంచుకున్న బ్రెయిన్, నేర్పితే మారుతుంది కూడా.

సిరప్ వద్దు. దీన్ని తగ్గించే మందు లేదు. కళ్లు, చెవులు ఒకసారి పరీక్ష చేయించండి, సైటు ఉంటే అద్దాలు పెట్టించండి, అంతవరకే. రంగు అద్దాలు, కంటి ఎక్సర్‌సైజులు డిస్‌లెక్సియాకి పనిచేస్తాయనడానికి సరైన ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్ల, కంటి డాక్టర్ల సంఘాలు 2009లోనే కలిసి చెప్పాయి, వాటి మీద డబ్బు పోసెయ్యకండి.

పనిచేసేది శబ్దాల సాధన, అక్షరంతో కలిపి. ‘చిలక’లో చి తీసి గి పెట్టు, ఏమొచ్చింది? గిలక. ‘పలక’లో ప తీసి అ పెట్టు, అలక. ముందు నోటితో ఆడండి, వెంటనే అదే మాట రాయించండి. తర్వాత చిన్న పేరా ఒకటి తీసుకుని అదే పేరా మూడు నాలుగు సార్లు పైకి చదివించండి, ఆగిన చోట తిట్టకుండా మాట అందించండి. రోజూ పదిహేను నిమిషాలు చాలు, గంటలు కూర్చోబెడితే పుస్తకం అంటేనే పారిపోతాడు. ‘క’తో మాటలు బట్టీ పట్టించడం మాత్రం వద్దు, దానివల్ల టెస్ట్‌లో అంకె పెరుగుతుందేమో గానీ చదువు రాదు. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికో, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకి నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికో ఇప్పుడే తీసుకెళ్లండి, పెద్దయ్యాక అదే వస్తుందిలే అని ఆగొద్దు. బడిలో టీచర్‌తో మాట్లాడి పరీక్షకి కాస్త ఎక్కువ టైమ్ అడగండి, క్లాసందరి ముందూ లేపి చదివించొద్దని కూడా చెప్పండి.

ఒక్క విషయం, బాగా చదివే పిల్లాడు ఉన్నట్టుండి చదవలేకపోతే, మాట పడిపోతుంటే, ఫిట్స్ వస్తే అది వేరే కథ, వెంటనే న్యూరాలజిస్ట్‌కి చూపించాలి. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు.

ఇక మీవారి సంగతి. ఇది కుటుంబాల్లో నడిచేదే, తండ్రికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. సాయంత్రం ఆ పదిహేను నిమిషాలు మీ బదులు ఆయన్ని కూర్చోమనండి, తనకీ చిన్నప్పుడు అక్షరాలు ఇలాగే మొండికేసేవని బాబుకి ఆయన నోటితోనే చెప్పమనండి.