థిన్ క్లయింటులో స్క్రీన్ రాకపోతే సర్వర్ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మా జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో పాత కంప్యూటర్లన్నీ ఎల్‌టీఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకే సర్వర్‌కి థిన్ క్లయింట్లుగా, అంటే సొంత డిస్కు లేకుండా సర్వర్ మీదే ఆధారపడి నడిచేలా, కలిపాం. రెండు సీట్లలో స్క్రీన్ రావడం లేదు, ఒకదాంట్లో మౌస్ పిచ్చిగా గెంతుతోంది. సర్వర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

వద్దండి. ఆ ఒక్క పని మాత్రం చేయకండి. ఇదే బాధ నేనూ పడ్డాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2005లో రాజోలు దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ చూసేవాణ్ణి. పద్దెనిమిది సీట్లు, అన్నీ హార్డ్ డిస్కులు పోయి, మీలాగే ఎల్‌టీఎస్‌పీతో నడిచే పాత మిషన్లు. కిటికీ తీస్తే పంటకాలువ, దాని వెనక కొబ్బరితోట. శ్రావణం ముసురు పట్టి నాలుగు రోజులైంది. సోమవారం పిల్లలకి ప్రాక్టికల్ పరీక్ష. గురువారం పదకొండో సీటు మానిటర్ కాలిపోతే, ఆఫీసు గదిలో మూలనున్న పదిహేను అంగుళాల పాత మానిటర్ తెచ్చి పెట్టాం. ఆరో సీటు మౌస్ కూడా పాడైంది. నరసాపురం వెళ్లి కొత్తది తెద్దామంటే గోదారి పోటు మీద ఉంది, సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఆపేశారు. బీరువాలో రెండు బటన్ల పాత మౌస్ దొరికితే అదే తగిలించాం.

శుక్రవారం పొద్దున్న పదకొండో సీటు ఆన్ చేస్తే అక్షరాలు గబగబా పరుగెత్తాయి. లాగిన్ రావాల్సిన సమయానికి తెరంతా నల్లబడి, మధ్యలో చిన్న పెట్టెలో ‘అవుటాఫ్ రేంజ్’ అని వచ్చింది. ఆరో సీటులో లాగిన్ వచ్చింది గానీ, మౌస్ కాస్త కదిపితే చాలు, బాణం గుర్తు ఎగిరి మూలకి పోతోంది, మెనూలు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. అక్కడ కూర్చున్న అమ్మాయి భయపడిపోయి, “నేనేం ముట్టుకోలేదండి సార్” అని లేచి నిలబడింది.

సప్లయర్ మనిషి రాజమండ్రి నుంచి వచ్చాడు. రెండు రోజులు కూర్చుని సర్వర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. దాంతో ఆ రెండు రోజులూ బాగా ఉన్న పదహారు సీట్లు కూడా ఆగిపోయాయి. శనివారం సాయంత్రం “మానిటర్ పోయింది మేస్టారూ, కొత్తది కొనాల్సిందే” అనేసి బస్సెక్కాడు.

మా అటెండరు ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, “పోయిన మానిటరైతే మొదట్లో అక్షరాలెలా వస్తున్నాయండి?” అన్నాడు. అసలు ప్రశ్న అదేనండి. అక్షరాలు కనిపించాయంటే మానిటర్ బతికే ఉంది, కేబులూ బాగానే ఉంది. గ్రాఫిక్స్ మొదలయ్యాకే తేడా వస్తోంది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఈ థిన్ క్లయింటు పద్ధతిలో ప్రోగ్రాములు నడిచేది సర్వర్‌లో. తెర మీద బొమ్మ గీసేది, మౌస్‌ని చదివేది మాత్రం మీ ముందున్న ఆ చిన్న మిషనే. ఆ బొమ్మ గీసే ఎక్స్ అనే ప్రోగ్రాము దాని మెమరీలోనే నడుస్తుంది. అందుకే అన్ని సీట్లకీ ఒకే జబ్బు చేస్తే సర్వర్‌ని అనుమానించాలి, ఒక్క సీటుకి చేస్తే ఆ సీటు దగ్గరే కూర్చోవాలి. తప్పేమిటో చెప్పే ఎక్స్ లాగ్, అంటే అది రాసుకునే చిట్టా కూడా క్లయింటు మెమరీలోనే ఉంటుంది, ఆపితే పోతుంది. ఆ సప్లయర్ మనిషి రెండు రోజులు సర్వర్‌లో వెతికితే ఏం దొరుకుతుంది?

ఆ రాత్రి నోకియా 1100 టార్చ్ వేసి మానిటర్ వెనక చూశాను. బూజు తుడిస్తే స్టిక్కర్ కనిపించింది: హారిజాంటల్ 30 నుంచి 54 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 30 వేల నుంచి 54 వేల అడ్డగీతలు గీయగలదని. సర్వర్‌లో సీట్ల సెట్టింగులుండే ఎల్‌టీఎస్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచాను. ‘డిఫాల్ట్’ కింద అందరికీ కలిపి తెర రిజల్యూషన్ 1280 బై 1024 అని రాసి ఉంది. దానికి 60 హెర్ట్జ్ దగ్గరే, అంటే తెరని సెకనుకి 60 సార్లు గీసినా, 64 కిలోహెర్ట్జ్ దాకా కావాలి. ఆ పాత మానిటర్ ఎలా మోస్తుంది? పదకొండో సీటు మ్యాక్ అడ్రసు (దాని నెట్‌వర్క్ కార్డు నంబరు) పేరుతో విడిగా ఒక భాగం రాసి, 1024 బై 768 పెట్టి, స్టిక్కర్ మీది అంకెలు ఎక్కించాను. దీనికి 48 చాలు. ఆ ఒక్క మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను, లాగిన్ వచ్చేసింది.

మౌస్ సంగతీ అంతే. పాత పీఎస్ టూ (గుండ్రటి పిన్ను) మౌస్ కదిలినప్పుడల్లా మూడు బైట్లు పంపుతుంది: బటన్లకి ఒకటి, అడ్డానికి ఒకటి, నిలువుకి ఒకటి. చక్రం ఉన్నది నాలుగోది కూడా పంపుతుంది. ఫైల్లో అందరికీ చక్రం మౌస్ ప్రోటోకాల్, అంటే నాలుగు బైట్లు చదివే పద్ధతి, రాసి ఉంది. క్లయింటు నాలుగోదాని కోసం చూసి, తర్వాతి కదలికలో మొదటి బైటుని మింగేస్తోంది. ఇక అక్కణ్ణుంచి లెక్కంతా ఒక బైటు పక్కకి జరిగిపోతుంది, చెయ్యి కదిలితే బటన్ నొక్కినట్టు చదువుతుంది. ఆరో సీటుకి మామూలు పీఎస్ టూ అని ఒక్క లైను రాస్తే బాణం బుద్ధిగా నడిచింది.

ఆ ఫైలు తెరవగలిగానంటే, సప్లయర్ మనిషి ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని పాస్‌వర్డ్ రాసుకున్నాను కాబట్టే. ల్యాబ్ మనది, కరెంటు బిల్లు మనది, పాస్‌వర్డ్ మాత్రం సప్లయర్ జేబులో ఉంటుంది. ఇది చాలా తప్పండి. ఏ కాలేజీ వాళ్లూ ఒప్పుకోకూడదు. ఇంకొకటి, మన కోనసీమలో మిషన్లని చంపేది చెమ్మ. ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీలు కట్టడానికి డబ్బుంటుంది, ఎర్తింగ్‌కి, నెట్‌వర్క్ స్విచ్ డబ్బా గోడకి ఎత్తుగా బిగించడానికి ఉండదు. తర్వాత పోర్టులు పచ్చబడ్డాయని ఏడుస్తారు.

మీ దగ్గరికొస్తే, 2019 తర్వాతి ఎల్‌టీఎస్‌పీ అయితే ఫైలు పేరు ఎల్‌టీఎస్‌పీ డాట్ కాన్ఫ్. పద్ధతి అదే, మ్యాక్ అడ్రసు పేరుతో ఆ సీటుకి విడిగా రాయాలి. తెర అసలు రాకపోతే ఆ సీటుకి డ్రైవరుగా వెసా (చాలా రకాల గ్రాఫిక్స్ కార్డులకి పనిచేసే మామూలు డ్రైవరు) పెట్టి చూడండి, నిదానమైనా చాలాసార్లు బొమ్మ వస్తుంది. మౌస్‌కి యూఎస్‌బీ ఉంటే అదే పెట్టండి, ప్రోటోకాల్ గొడవ ఉండదు. పీఎస్ టూ అయితే మాత్రం మిషన్ ఆపాకే తగిలించండి. బాణం సాఫీగా కదులుతూ, క్లిక్ చేశాక మెనూ ఆలస్యంగా వస్తుంటే అది మౌస్ తప్పు కాదు, నెట్‌వర్క్ వైరూ స్విచ్చూ చూడండి.

సర్వర్‌ని అలాగే ఉంచి, ఆ మూడు సీట్ల మ్యాక్ అడ్రసులూ, మానిటర్ వెనక స్టిక్కర్ అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని రండి. మొదట అక్షరాలు వస్తున్నాయో లేదో కూడా చెప్పండి, ఏ లైను మార్చాలో చూద్దాం.