రైలు డ్రైవర్‌కు మామూలు సెల్‌ఫోన్ ఇస్తే సరిపోదా?

విశాఖలో ఈసీఈ చదువుతున్న ఒక విద్యార్థి అడిగారు: "ఊరంతా 5జీ వచ్చాక రైల్వేకు సొంత మొబైల్ వ్యవస్థ ఎందుకు, దానికి మళ్లీ ప్రమాణాలు ఎందుకు? లోకో పైలట్‌కు ఒక సిమ్ ఇస్తే పని జరగదా? ఇప్పుడు జీఎస్‌ఎం-ఆర్ (రైల్వేల కోసం మలచిన 2జీ మొబైల్ వ్యవస్థ) నేర్చుకోవడం దండగేనా?"

నేను ఇక్కడే రైల్వే టెలికాంలో మెయింటెయినర్‌గా చేరి, రిటైర్ అయ్యేదాకా వాకీటాకీలూ కంట్రోల్ ఫోన్లూ బాగుచేస్తూ గడిపినవాడిని. ముందుగా చెప్పాల్సింది, సిమ్‌లు ఎప్పుడో ఇచ్చారు. సీయూజీ (ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకునే గుంపు కనెక్షన్) ఫోన్ లేని స్టేషన్ మాస్టర్ నాకు ఈమధ్య కాలంలో కనిపించలేదు. అయినా బండి నడిపే మాటలకు అది సరిపోదు. సిగ్నల్ బలం సంగతి తర్వాత చూద్దాం. అంతకంటే ముందు చిక్కు ఎవరిని పిలవాలన్న దగ్గరే వస్తుంది.

మన విశాఖ స్టేషన్‌నే తీసుకోండి. దువ్వాడ మీదుగా తప్పించుకుపోయేవి మినహా, హౌరా-చెన్నై దారి బండ్లు ఇక్కడికి వచ్చి దిశ మార్చుకుంటాయి. ఇంజిన్ ఈ చివర తీసి ఆ చివర తగిలిస్తారు, సిబ్బంది మారతారు. 12841 కోరమండల్ ప్లాట్‌ఫాం వదిలిన పది నిమిషాలకు కంట్రోలర్‌కు, అంటే ఆ సెక్షన్‌లో బండ్ల రాకపోకలు చూసే ఉద్యోగికి, దాని డ్రైవర్‌తో అత్యవసరంగా మాట్లాడాల్సి వచ్చిందనుకోండి. ఏ నంబరు తిప్పాలి? డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీకి ఫోన్ చేసి, ఎవరు ఎక్కారో అడిగి, ఆయన నంబరు వెతికి... ఈలోగా బండి ఎంత దూరం పోతుందో లెక్క వేయండి. పైగా బండి నడుస్తుండగా ఆయన సొంత సెల్ ఆపి ఉంచాలన్నది నియమం, అది మంచి నియమం కూడా.

జీఎస్‌ఎం-ఆర్ కోసం యూరప్ రైల్వేలు రాసుకున్న ఐరీన్ అనే ప్రమాణం ఈ ముడిని చక్కగా విప్పింది. డ్రైవర్ సీట్లో కూర్చోగానే క్యాబ్ రేడియోలో బండి నంబరు నమోదు చేస్తాడు. ముందు 2, తర్వాత బండి నంబరు, చివర ప్రధాన డ్రైవర్‌కు గుర్తుగా 01. అంటే మన కోరమండల్ అయితే 2-12841-01. ఇంజిన్ మారినా మనిషి మారినా కంట్రోలర్ తిప్పేది అదే నంబరు. ఎదురుదిశలో కూడా అంతే: డ్రైవర్ ఒక చిన్న నంబరు నొక్కితే, బండి ఎక్కడుందో దాన్నిబట్టి ఆ సెక్షన్ కంట్రోలర్‌కే పోతుంది. ఇదంతా మొదట కాగితం మీద కుదిరిన ఒప్పందం, పెట్టె ఆ తర్వాత వచ్చింది.

రెండోది గుంపు మాటలు. మా వీహెచ్‌ఎఫ్ వాకీటాకీలో ఒకే చానల్ మీద పదిమంది ఉంటారు. ఒక పెద్ద యార్డులో నా ఎదురుగానే జరిగింది. షంటింగ్ (పెట్టెలను ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మార్చడం) చేయిస్తున్న పాయింట్స్‌మన్ "ఇంకొంచెం వెనక్కి" అన్నాడు. పక్క లైన్లో ఉన్న ఇంకో ఇంజిన్ డ్రైవర్ "సరే" అని బ్రేకు వదిలాడు. ఎవరో కేకేయడంతో ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు, రికార్డులోకీ ఎక్కలేదు. ఇలాంటివి యార్డులో పనిచేసిన ప్రతివాడి దగ్గరా ఒకటి ఉంటుంది. జీఎస్‌ఎం-ఆర్‌లో షంటింగ్ బృందానికి వేరే గ్రూపు ఉంటుంది. దానికి తోడు, వెనక్కి తోస్తున్నంతసేపూ డ్రైవర్ చెవిలో ఆగి ఆగి ఒక టిక్కు వినిపిస్తూ ఉండే ఏర్పాటు ఉంది. టిక్కు ఆగిందంటే లింకు తెగిందని అర్థం, వెంటనే బండి ఆపాలి. మన వాకీటాకీ బ్యాటరీ అయిపోతే ఏమవుతుంది? నిశ్శబ్దం. అవతలివాడు మాట్లాడటం లేదో, సెట్టు చచ్చిందో తేలదు. బ్యాటరీ వదులై జారిపోకుండా సిగరెట్ పెట్టె అట్ట మడిచి దోపిన సెట్లు మా బల్ల మీదికి ఎన్ని వచ్చాయో!

ప్రాధాన్యం ఇంకో సంగతి. జీఎస్‌ఎం-ఆర్‌లో 299 అనే అత్యవసర కాల్ చేస్తే ఆ ప్రాంతంలోని బండ్లన్నిటికీ ఒకేసారి మోగుతుంది, మిగతా సంభాషణలను తెంపి మరీ. ప్రజల నెట్‌వర్క్‌లో మీ సినిమా కబురుకూ డ్రైవర్ హెచ్చరికకూ ఒకటే వరస. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో సెల్‌ఫోన్లు మూగబోయిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. రైల్వే టవరైనా తుపానుకు కూలవచ్చు, ఒప్పుకుంటాను. కానీ దానికి ఎంత బ్యాటరీ పెట్టాలి, ముందు ఏది లేపాలి అన్నది మన చేతిలో ఉంటుంది.

ఇక కవరేజీ. కొత్తవలస-కిరండూల్ లైన్లో 58 సొరంగాలు. బొర్రా దాటాక మలుపు తిరిగితే ఒకే బండిలో ముందున్న డ్రైవర్‌కూ వెనకున్న గార్డుకూ మాట అందదు. సొరంగాల్లో పొడవునా రేడియోను విడుదల చేసే కేబుల్ లాంటి ప్రత్యేక ఏర్పాటు కావాలి. విద్యుత్ లైన్లలో పాతకాలపు ఏర్పాటు ఒకటి ఉంది: కిలోమీటరుకు ఒకటి చొప్పున ఎమర్జెన్సీ సాకెట్, అది ఎటువైపు దగ్గరో చూపే బాణం గుర్తు కరెంటు స్తంభం మీద. పోర్టబుల్ ఫోన్ తగిలిస్తే కంట్రోల్ పలికేది. వర్షంలో ఆ సాకెట్ మూత తీసి చూస్తే లోపల చీమల పుట్ట. అయినా దాన్ని నేను తక్కువ చేయను.

1997లో యూరప్‌లో 32 రైల్వేలు జీఎస్‌ఎం-ఆర్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్పటిదాకా దేశానికో అనలాగ్ రేడియో, సరిహద్దు దాటే ఇంజిన్‌లో పక్కపక్కనే రెండు మూడు సెట్లు. మన దగ్గర కొన్ని సెక్షన్లలోనే జీఎస్‌ఎం-ఆర్ వచ్చింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రైల్వేకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ కేటాయించి ఎల్‌టీఈ (4జీ) బాట పట్టించింది. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి ఒక్కో టవర్ ఎక్కువ దూరం అందుతుంది. ఇప్పుడు యూహెచ్‌ఎఫ్ రేడియో మీద నడిచే కవచ్‌ను (బండ్లు ఢీకొనకుండా తనంతట బ్రేకు వేసే భద్రతా వ్యవస్థ) కూడా దీని మీదికి తేవాలన్నది ఉద్దేశం. యూరప్ కూడా 5జీ ఆధారంగా ఎఫ్‌ఆర్‌ఎంసీఎస్ అనే తర్వాతి తరం రైల్వే మొబైల్ వ్యవస్థను తయారు చేసుకుంటోంది.

కాబట్టి మీ చివరి ప్రశ్నకు నా జవాబు: జీఎస్‌ఎం-ఆర్ హార్డ్‌వేర్ జోలికి పోకండి, ఆ పరికరాలకు వయసైపోయింది. ఐరీన్ ఫంక్షనల్ పత్రం మాత్రం చదవండి, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. బండి నంబరుతో పిలవడం, అత్యవసర కాల్, షంటింగ్ గ్రూపు అన్నీ రేపటి ఎల్‌టీఈలోనూ 5జీలోనూ వేరే పేర్లతో మళ్లీ ఎదురవుతాయి. ఆ తర్వాత 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి) వారి మిషన్ క్రిటికల్ పుష్-టు-టాక్ పత్రాలు, అంటే అత్యవసర సేవలకు మీట నొక్కి మాట్లాడే పద్ధతి గురించినవి, తెరిస్తే, ఏది ఎందుకు పెట్టారో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.