మాంజాలో చిక్కిన పక్షిని లాగొచ్చా?

ప్రశ్న: సంక్రాంతి అయిపోయినా మా వీధి వేపచెట్టుకు పతంగి మాంజా వేలాడుతూనే ఉంది. అందులో ఓ పావురం చిక్కుకుంది. లాగి విడిపించవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: దయచేసి లాగకండమ్మా. గాజుపొడి పూసిన దారం లాగేకొద్దీ రెక్క కండను కోసుకుంటూ ఎముక దాకా దిగుతుంది. పక్షి మీద పలచటి తువ్వాలు కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకోండి. కళ్లకు చీకటైతే కొట్టుకోవడం తగ్గుతుంది. మరొకరు జానెడు దూరంలో దారాన్ని కత్తిరించాలి. కండలో దిగిన ముక్కను పశువైద్యుడే తీయాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు అదిమి పట్టండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి వెంటనే తీసుకెళ్లండి.

జాలిపడి నోట్లో నీళ్లు పోస్తారు, అదే ప్రాణం తీస్తుంది. పక్షి శ్వాసనాళం నాలుక వెనకే తెరుచుకుంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కొమ్మ ఎత్తుగా ఉంటే ఎక్కకుండా జంతు సంరక్షణ సంఘానికో, అగ్నిమాపక శాఖకో (101) ఫోన్ చేయండి. కరెంటు తీగ దగ్గరైతే విద్యుత్ సిబ్బంది సరఫరా ఆపేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. దుకాణంలో కనిపిస్తే పోలీసులకు చెప్పండి. చెట్టుకు మిగిలిన దారాన్నీ ఇప్పుడే తీయించండి, నైలాన్ వానకు కుళ్లదు.