కేపీహెచ్‌బీలో 30 వేల జీతంతో కాపురం పెట్టొచ్చా? పాతవాళ్లంతా ఎటు పోయారు?

మీ రెండు ప్రశ్నల్లో ముందు రెండోదానికే జవాబు చెబుతాను. అందులో మా ఇంటి పాత్ర కూడా ఉంది.

నేను హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, అంటే కేపీహెచ్‌బీలో, ఎల్‌ఐజీ ఇంట్లో పెరిగాను. ఎల్‌ఐజీ అంటే తక్కువ ఆదాయం వాళ్లకని బోర్డు కట్టిన ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, వెనక కాస్త జాగా. నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. నెలనెలా వాయిదాలు కట్టి దాన్ని సొంతం చేసుకున్నారు. మా వీధిలో ఐడీపీఎల్, ఆల్విన్ ఫ్యాక్టరీల వాళ్లు, ఆర్టీసీ కండక్టర్లు, ఇద్దరు ముగ్గురు టీచర్లు ఉండేవారు.

1998లో హైటెక్ సిటీలో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ మొదలయ్యాక మా వైపు అద్దెకు వచ్చేవాళ్లు పెరిగారు. బోర్డు ఇచ్చింది ఫ్లాటు కాదు, నేలతో సహా ఇల్లు. కాబట్టి చేతిలో డబ్బు పడ్డప్పుడల్లా ఎవరికివారు పైన ఒక్కో అంతస్తు వేసుకుంటూ పోయారు. నాన్న పీఎఫ్ డబ్బుతో మేమూ వేశాం. నన్నడిగితే కేపీహెచ్‌బీలో నిజంగా చవకైన ఇళ్లంటే ఆ పై పోర్షన్లే. ఏ ప్రభుత్వ పథకం లెక్కలోనూ అవి లేవు. మా ఇంట్లోనే ఒక ఆటో డ్రైవర్, మెడికల్ షాపులో పనిచేసే అతను, బట్టలు కుట్టే ఒక ఆంటీ కుటుంబాలతో ఉండేవాళ్లు.

2018లో ఒక హాస్టల్ నడిపే ఆయన వచ్చాడు. బిల్డింగ్ మొత్తం లీజుకిస్తే నెలకు 90 వేలు ఇస్తానన్నాడు. కుటుంబాల దగ్గర మాకు అంతా కలిపి 50 వేలు కూడా వచ్చేది కాదు. పైగా మోటారు కాలిపోయినా, ట్యాంకర్ రాకపోయినా టెన్షన్ అతనిదే. ఒప్పుకున్నాం. ఆంటీ వాళ్లు అప్పటికి పదకొండేళ్లుగా మా ఇంట్లో ఉన్నారు. ఖాళీ చేయమని చెప్పడానికి అమ్మకి నోరు రాక నన్ను పంపింది. ఆవిడ ఒక్క మాటా అనలేదు. కుట్టడానికి తీసుకున్న అమ్మ జాకెట్లు మర్నాడే తెచ్చి ఇచ్చేసింది.

ఓనర్లను ఎవరూ వెళ్లగొట్టలేదు. మాలాగే ఇల్లు లీజుకిచ్చి నిజాంపేట, బాచుపల్లి ఫ్లాట్లకు మారారు. చెదిరిపోయింది అద్దెకున్నవాళ్లే. నాలుగు కుటుంబాలున్న ఆ బిల్డింగ్‌లో ఇప్పుడు దాదాపు యాభై మంది కుర్రాళ్లున్నారు. స్కూలు పిల్లల ఆటోలు మా వీధిలోకి రావడం మానేశాయి. సంక్రాంతికి చూడాలి, వీధిలో సగం ఇళ్లకు తాళాలే. ఆ కుర్రాళ్లలో చాలామంది ఓట్లు ఊళ్లోనే ఉంటాయి కాబట్టి డ్రైనేజీ పొంగినా నాయకులెవరూ తొంగిచూడరు.

ప్రభుత్వం పేదలకు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టింది కదా అంటారు. కట్టారు. కొల్లూరులో 2023లో ప్రారంభించినవే 15,660 ఇళ్లు. చూడ్డానికి బాగున్నాయి కూడా. కానీ కేపీహెచ్‌బీలో బట్టలు కుట్టి బతికే మనిషి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర్నుంచి రోజూ ఎలా వచ్చిపోతుంది? ఇక్కడ బోర్డుకి మిగిలిన స్థలాన్ని 2025లో వేలం వేస్తే ఎకరం 70 కోట్లు పలికింది. అక్కడ ఎల్‌ఐజీ ఇళ్లు కడతారని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇక మీ మొదటి ప్రశ్న. 30 వేల జీతంతో కాలనీ లోపల కష్టమే. అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్‌కి అద్దె, మెయింటెనెన్స్ కలిపితే జీతంలో చాలా భాగం దానికే పోతుంది. మూసాపేట వెనక గల్లీలు, జగద్గిరిగుట్ట చూడండి. ఆఫీసు హైటెక్ సిటీలో అయితే బోరబండ బాగా పనికొస్తుంది, ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ ఉంది. యాప్‌లలో పాత పోర్షన్లు పెద్దగా కనిపించవు. ఇస్త్రీ బండి అతన్ని, కిరాణా కొట్టువాళ్లను అడగండి, గేట్లకు కట్టిన టూలెట్ బోర్డులు చూడండి. అడ్వాన్స్ ఇచ్చేముందు కరెంటు మీటర్ విడిగా ఉందా, మంజీరా నీళ్లు (కుళాయి నీళ్లు) ఏ రోజు వస్తాయి, పక్కింట్లో హాస్టల్ ఉందా అని కనుక్కోండి. హాస్టల్ ఉంటే పొద్దున ఆరింటికే బోరులో నీళ్లుండవు. ఆంటీ వాళ్లుండేది ఇప్పుడు జగద్గిరిగుట్టలోనే. షాపు మాత్రం కేపీహెచ్‌బీలోనే ఉంది, రోజూ షేర్ ఆటోలో వచ్చిపోతుంది.