వైకల్య బీమా సొమ్ము మధ్యలో తగ్గిస్తే సవాలు చేయొచ్చా?
చేయొచ్చు. ముందు పాలసీలోని ఏ క్లాజు (షరతు) ప్రకారం కోత పెట్టారో రాతపూర్వకంగా అడగండి. ఎక్కువ గొడవలు ఇతర ఆదాయాన్ని మినహాయించే క్లాజు దగ్గరే వస్తాయి. నెలకు 40 వేలు రావాల్సి ఉండి, ప్రభుత్వ వైకల్య పెన్షన్ 15 వేలు మొదలైతే, ఆ క్లాజున్న పాలసీలో కంపెనీ ఇచ్చేది 25 వేలే. పెన్షన్ బకాయిలు ఒకేసారి వస్తే, ‘ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి’ అని కూడా అంటారు. అసలు టెన్షన్ అక్కడే.

ఆ ఆదాయం క్లాజు కిందకు వస్తుందో రాదో స్పష్టంగా లేకపోతే మీ వాదనకు బలముంటుంది. రెండర్థాలొచ్చే మాటను, దాన్ని రాసిన కంపెనీకి వ్యతిరేకంగానే చదవడం చాలా కోర్టుల పద్ధతి. బీమా సొమ్మును మీ జీతాన్ని బట్టి లెక్కగడితే, ఆ జీతం లెక్కా చూడండి, బోనస్ వదిలేసి ఉండొచ్చు. అప్పీలు గడువు మాత్రం దాటనివ్వకండి.