లెక్కకు ఎక్కని దొంగతనాలు

చెన్నైలో మూడు దశాబ్దాలకు పైగా అర్థశాస్త్రం బోధిస్తూ, నేరాల మీద, పోలీసు వ్యవస్థ మీద పరిశోధన చేసి పదవీ విరమణ పొందిన ఆచార్యులు ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నారు.

ప్రశ్న: బి.ఎ. అర్థశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. నేరాలు, పోలీసు వ్యవస్థ మీద పరిశోధన చేయాలని నా కోరిక. "దొంగల సంగతి క్రిమినాలజీవాళ్లు చూసుకుంటారు, నువ్వు బ్యాంకు పరీక్షలు రాసుకో" అని మా నాన్నగారు అంటున్నారు. అర్థశాస్త్రంలో ఈ పనికి చోటు ఉందా? మీరు ఈ దారిలోకి ఎలా వచ్చారు?
— ఒక విద్యార్థిని, పెరంబూరు

జవాబు: మీ నాన్నగారి సందేహం సహజమైనదే, నేను ఈ అంశాన్ని ఎంచుకున్నప్పుడు మా ఇంట్లోనూ దాదాపు ఇదే మాట విన్నాను. మన నగరంలోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రిమినాలజీ శాఖ ఉంది. నేరస్తుల జీవితాన్ని, బాధితుల స్థితిని, జైళ్లను అక్కడివారు దగ్గరగా చూస్తారు, వారి నుంచి నేను నేర్చుకున్నది చాలా ఉంది. అర్థశాస్త్రం అడిగే ప్రశ్న వేరు. 1968లో అమెరికా అర్థశాస్త్రవేత్త గ్యారీ బెకర్ రాసిన వ్యాసం, నేరం చేయబోయే మనిషి కూడా లాభాన్నీ, పట్టుబడే అవకాశాన్నీ, పడబోయే శిక్షనూ బేరీజు వేసుకుంటాడన్న ఊహతో మొదలై, నేరాల వల్ల కలిగే నష్టం, వాటిని అరికట్టడానికి అయ్యే ఖర్చు రెండూ కలిపి చూస్తే సమాజానికి ఏది మేలు అన్న విచారణ దాకా వెళ్లింది. 1992లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఈ రంగం అర్థశాస్త్రంలో స్థిరపడింది. ఆకలితోనో ఆవేశంతోనో జరిగే నేరాలకు ఈ బేరీజు అంతగా అతకదని నా అభిప్రాయం. అయినా శిక్ష తీవ్రతను, పట్టుబడే అవకాశాన్ని విడదీసి చూడడం నేర్పినందుకు ఆ వ్యాసాన్ని నా విద్యార్థులచేత ముందుగా చదివించేవాణ్ణి.

నన్ను ఈ రంగంలో నిలబెట్టింది మాత్రం బెకర్ కాదు, నేను చేసిన ఒక తప్పు. పరిశోధన తొలి రోజులలో, దేశంలో నమోదైన నేరాల లెక్కతో 1953 నుంచి ప్రభుత్వం వెలువరిస్తున్న ‘క్రైమ్ ఇన్ ఇండియా’ సంపుటాలను ముందు వేసుకుని, రాష్ట్రాలవారీగా పట్టికలు గీసి, పోలీసులు ఎక్కువ ఉన్నచోట దొంగతనాలూ ఎక్కువగా ఉన్నాయని తేల్చాను. సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్న ఒక మిత్రుడు ఆ పట్టికను చూసి, నేరాలు ఎక్కువ ఉన్నచోటికే బలగాన్ని పంపుతారనీ, స్టేషను దగ్గరగా ఉండి రాసుకునే చేతులు ఎక్కువ ఉంటే కాగితం మీదికి ఎక్కే కేసులూ పెరుగుతాయనీ ఓపికగా వివరించాడు. పోలీసుల వల్ల నేరం తగ్గిందా, నేరం వల్ల పోలీసులు పెరిగారా, అసలు మనం లెక్కపెడుతున్నది నేరాన్నా, నమోదునా అన్న ప్రశ్నలు ఆనాటి నుంచి నన్ను వదలలేదు.

చాలా ఏళ్ల తర్వాత బస్సులో నా జేబులోని ఫోను కొట్టేశారు. ఒక స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇస్తే సీఎస్‌ఆర్ రసీదు, అంటే ఫిర్యాదు అందిందని మాత్రమే చెప్పే చీటీ, చేతికిచ్చి పంపారు. కొత్త సిమ్ తీసుకోవడానికి ఆ రసీదు సరిపోయింది కానీ, ఎఫ్‌ఐఆర్ నమోదు కాలేదు గనుక ఆ దొంగతనం దేశపు లెక్కలో చేరలేదు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగిందని ఫిర్యాదు చెబుతుంటే ఎఫ్‌ఐఆర్ తప్పక నమోదు చేయాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అయినా ఫిర్యాదుకూ నమోదుకూ మధ్య ఈ దూరం పూర్తిగా పోలేదు. మోటారు సైకిలు పోతే బీమా సొమ్ముకు ఎఫ్‌ఐఆర్ కావాలి గనుక ఆ లెక్క కొంత నమ్మదగినది. హత్యను దాచడం కష్టం గనుక అది ఇంకా నమ్మదగినది. పర్సులు, ఫోన్లు, ఇంటి గోడల మధ్య జరిగే హింస విషయానికి వస్తే అంకెను పట్టుకుని నేరుగా ఏమీ చెప్పలేము. పైగా ఒకే ఎఫ్‌ఐఆర్‌లో అనేక నేరాలు ఉంటే వాటిలో అతి తీవ్రమైనదాన్ని మాత్రమే జాతీయ గణాంకంలో లెక్కిస్తారు; అత్యాచారం చేసి చంపిన కేసు చాలాకాలం హత్య కిందే చేరేది.

అందుకే అంకె పెరిగినంత మాత్రాన పరిస్థితి దిగజారిందని అనుకోకూడదు. లక్ష్మీ అయ్యర్, ఆనంది మణి, ప్రాచీ మిశ్రా, పెటియా తోపలోవా 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పంచాయతీలలో మహిళలకు రిజర్వేషన్లు వచ్చిన తర్వాత మహిళలపై నమోదైన నేరాలు 44 శాతం పెరిగాయి. నేరం పెరగడం కాదు, చెప్పుకునే ధైర్యం, నమోదు చేసే శ్రద్ధ పెరగడం దీనికి ప్రధాన కారణమని వారు ఒక్కొక్క ఆధారాన్నీ పేర్చి చూపించారు. మీరు ఈ రంగంలోకి రావాలనుకుంటే బెకర్ వ్యాసం తర్వాత చదవవలసినది ఇదేనని నేను అంటాను.

ఈ వృత్తిలో తప్పు ఒప్పుకోవడం కూడా పనిలో భాగమే. ఎన్నికల ఏడాదిలో అమెరికా నగరాలు పోలీసు నియామకాలు పెంచుతాయన్న సంగతిని ఆధారం చేసుకుని, పోలీసులు పెరిగితే నేరం తగ్గుతుందని అక్కడి అర్థశాస్త్రవేత్త స్టీవెన్ లెవిట్ 1997లో చూపించారు. ఆ లెక్కలో పొరపాటు ఉందని జస్టిన్ మెక్రారీ 2002లో ఎత్తిచూపితే, లెవిట్ దానిని అంగీకరించి మరో పద్ధతిలో మళ్లీ ప్రయత్నించారు.

ఇక ఉద్యోగం సంగతి. ఎం.ఎ.కు మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, పరిశోధనకు అడయారులోని ఎం.ఐ.డి.ఎస్. (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్) మీ ఇంటి నుంచి వెళ్లిరాగల దూరంలోనే ఉన్నాయి. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాయండి, స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోండి, ఎఫ్‌ఐఆర్‌ను తమిళంలో తడుముకోకుండా చదవగలిగేలా సాధన చేయండి.

ప్రశ్న: మా వీధిలో సీసీ కెమెరాలు పెట్టాక గొలుసు దొంగతనాలు తగ్గాయని అందరూ అంటున్నారు. నిజంగా కెమెరాల వల్లనేనా, లేక దొంగలు పక్క వీధికి వెళ్లారా?
— ఒక గృహిణి, విల్లివాక్కం

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండో సగమే అసలు ప్రశ్న. దీనికి బాగా పనికివచ్చే ఆధారం అర్జెంటీనా నుంచి ఉంది. 1994 జూలైలో బ్యూనస్ ఐరిస్‌లోని యూదుల కేంద్రంపై బాంబు దాడి జరిగిన తర్వాత, ఆ నగరంలోని యూదు సంస్థలన్నిటి ముందూ పగలూ రాత్రీ పోలీసు కాపలా పెట్టారు. ఆ కాపలాకు కార్ల దొంగతనాలతో సంబంధం లేదు గనుక, ఇక్కడ దొంగతనాలు ఎక్కువని పోలీసులను పెట్టారన్న చిక్కు రాలేదు. అర్థశాస్త్రవేత్తలు డి తెల్లా, షార్గ్రోద్‌స్కీ 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, కాపలా ఉన్న వీధి భాగంలో కార్ల దొంగతనాలు సుమారు 75 శాతం తగ్గాయి. రెండు వీధుల అవతల మాత్రం తగ్గుదల కనిపించలేదు. ఎదురుగా నిలబడ్డ పోలీసు ప్రభావం అంత బలమైనది, అంత ఇరుకైనది కూడా.

కెమెరా నిలబడ్డ పోలీసుతో సమానం కాదు. ఆ దృశ్యాన్ని చూసి ఎవరైనా పట్టుకుంటారన్న భయం ఉంటేనే అది పనిచేస్తుంది. మీ వీధి సంగతి తేలాలంటే కెమెరాలు పెట్టకముందు, పెట్టిన తర్వాత జరిగిన ఘటనలను మీ వీధితో పాటు చుట్టుపక్కల వీధులలోనూ, కెమెరాలు లేని ఏదైనా దూరపు పేటలోనూ పోల్చి చూడాలి. ఘటనలు ఒక్కసారిగా పెరిగిన వెంటనే కెమెరాలు పెట్టి ఉంటే, అవి లేకపోయినా ఎంతో కొంత తగ్గి ఉండేవేమో కూడా చూడాలి. మీ సంక్షేమ సంఘంవారు తేదీ, సమయం, స్థలం ఒక పుస్తకంలో రాసి పెడుతూ ఉంటే అది చాలా విలువైన ఆధారమవుతుంది.

ప్రశ్న: మా వారు హెడ్ కానిస్టేబుల్. పండుగ పూట కూడా ఇంట్లో ఉండరు. మీ చదువులో పోలీసువాళ్ల కష్టానికి చోటు ఉందా?
— ఒక పాఠకురాలు, అయనావరం

జవాబు: ఉండాలి, కొంత ఉంది కూడా. అర్థశాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ఐపీఎస్ అధికారిణి నీనా సింగ్ తదితరులు రాజస్థాన్‌లో 162 స్టేషన్లను తీసుకుని, సిబ్బందికి శిక్షణ, వారానికి ఒక రోజు సెలవు, విధుల మార్పిడి, బదిలీల నిలుపుదల వంటివి పరీక్షించారు. శిక్షణ ఫలితమిచ్చింది. సెలవు, విధుల మార్పిడి మాత్రం ఉత్తర్వులో ఉన్నట్టుగా స్టేషనులో అమలు కాలేదు, మధ్య స్థాయిలోనే సడలిపోయాయి. 2000ల నడిమి ఏళ్లలో మొదలైన ఆ పని పత్రికలో పూర్తిగా వెలువడేసరికి 2021 వచ్చింది.

అదే 2021లో తమిళనాడు ప్రభుత్వం కూడా కానిస్టేబుళ్లకు, హెడ్ కానిస్టేబుళ్లకు వారాంతపు సెలవు ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. ఆ సెలవు మీ వారికి ఎన్ని వారాలలో నిజంగా అందిందో తెలుసుకోవడానికి ఉత్తర్వు కాగితం చాలదు. పైన ప్రశ్న అడిగిన పెరంబూరు విద్యార్థిని ఎప్పుడైనా ఈ అంశం చేపడితే, స్టేషనులో రోజూ రాసే డ్యూటీ పుస్తకం దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత మీలాంటి ఇళ్లకు వచ్చి, పోయిన నెలలో ఆయన ఏ ఏ రోజులు ఇంట్లో భోజనం చేశారో అడగాలి.