హ్యాండ్ బ్రేక్ దించినా ఆరని ఎర్ర లైటు

ప్రశ్న: కొంతకాలంగా మా కారులో హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి ఉన్నా, మలుపు తిరిగేటప్పుడూ గట్టిగా బ్రేకు నొక్కినప్పుడూ డాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేక్ లైటు వెలిగి ఆరిపోతోంది. హ్యాండ్ బ్రేక్ లీవరు కూడా ఇదివరకటికంటే బాగా పైకి వస్తోంది, వాలులో నిలిపితే బండి మెల్లగా జారుతోంది. కాస్త బ్రేక్ ఆయిల్ పోసి, కేబుల్ బిగిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. చేయించవచ్చా?

జవాబు: ఆ రెండు పనులూ ఇప్పుడే వద్దు. మొదటి దానివల్ల లైటు ఆరుతుంది, రెండో దానివల్ల లీవరు దారికి వస్తుంది, కానీ అసలు కారణాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

చాలా కార్లలో ఆ ఒక్క లైటుకే రెండు స్విచ్చులు కలిపి ఉంటాయి. ఒకటి హ్యాండ్ బ్రేక్ లీవరు అడుగున ఉంటుంది. రెండోది బ్రేక్ ఆయిల్ డబ్బాలో, అయస్కాంతం అమర్చిన చిన్న బెండు ఆయిల్‌తో పాటు కిందికి దిగినప్పుడు పనిచేస్తుంది. మలుపుల్లోనూ బ్రేకు వేసినప్పుడూ మాత్రమే లైటు వెలుగుతోందంటే, ఆయిల్ కనిష్ఠ గీత దగ్గర తొణుకుతోందనే ముందుగా అనుమానించాలి. లీవరు స్విచ్చుదే లోపమైతే గతుకుల మీద మిణుకుమంటుంది, లీవరును చేత్తో కిందికి అదిమితే ఆరిపోతుంది.

ఆయిల్ తగ్గడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. డిస్క్ ప్యాడ్లు (చక్రంతో తిరిగే పళ్లేన్ని నొక్కి ఆపే పలకలు) అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్లు ముందుకు జరిగి, ఏర్పడిన ఖాళీలోకి ఆయిల్ దిగడం సహజమే. అందువల్ల మొదట ప్యాడ్ల మందం చూడమనండి, వెనకనున్న ఇనుప రేకును వదిలేసి అరిగే పొర 3 మి.మీ.కు దగ్గరపడితే మార్చాల్సిందే. అరిగిన ప్యాడ్లను అలాగే ఉంచి డబ్బా నింపితే, కొత్తవి వేసేటప్పుడు పిస్టన్లను వెనక్కి నెట్టగానే ఆయిల్ పొర్లుతుంది, మామూలు బ్రేక్ ఆయిల్ పడిన చోట పెయింటు లేచిపోతుంది. రెండో కారణం లీకు. ప్యాడ్లు బాగానే ఉండి ఆయిల్ తగ్గిందంటే, ఎక్కడ కారుతోందో తేలేవరకు బండి తీయకండి. కాలితో నొక్కి పట్టినప్పుడు పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే ఇక ఆలోచించనక్కరలేదు, బండిని లాగించుకునే వెళ్లాలి.

వెనక డ్రమ్ బ్రేకులున్న కారైతే డ్రమ్ములు విప్పించి చూడటం తప్పనిసరి, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణాలు అక్కడ కలిసే అవకాశం ఉంది. డ్రమ్ములో షూలను (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే వంపు పలకలు) నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు పాడైతే ఆయిల్ కారి డబ్బాలో మట్టం పడిపోతుంది, తడిసిన షూలకు పట్టు ఉండదు కనుక వాలులో బండి జారుతుంది. సిలిండర్ మీది రబ్బరు తొడుగును వేలితో కాస్త ఎత్తితే లోపల తడి కనిపిస్తుంది. తడిసిన షూలను తుడిచి మళ్లీ వాడటం పొదుపు కాదు, రెండు వైపులా కొత్తవే వేయించాలి.

లీవరు పైకి రావడానికి మాత్రం షూలు అరగడమో, షూలకూ డ్రమ్ముకూ మధ్య సందును తగ్గించే అడ్జస్టరు తుప్పుతో పట్టేయడమో ఎక్కువగా కారణమవుతుంది. కేబుల్ ముందే బిగిస్తే షూలు తమ స్థానానికి పూర్తిగా వెనక్కి రాలేవు, అడ్జస్టరు పని ఆగిపోతుంది, చక్రం రాసుకుంటూ వేడెక్కుతుంది. కేబుల్‌ను వదులు చేసి, అడ్జస్టరును శుభ్రపరిచి, సందు సరిచేశాకే కేబుల్ జోలికి వెళ్లాలి. లీవరు లాగేటప్పుడు ఎన్ని టిక్కుల్లో (టిక్ మనే శబ్దాల్లో) బ్రేకు పట్టాలన్నది కారును బట్టి మారుతుంది కనుక కారుతో వచ్చిన పుస్తకంలో చూసుకోండి.

ప్రశ్న: మా కారులో ఎర్ర లైటు అసలు ఆరడమే లేదు. ఆయిల్ గరిష్ఠ గీత దగ్గరే ఉంది, ప్యాడ్లు ఈ మధ్యే మార్చాం. ఎక్కడ వెతకాలి?

జవాబు: తాళం తిప్పి ఉంచి, లీవరు స్విచ్చు కనెక్టరును ఊడదీయండి. లైటు ఆరితే స్విచ్చే పాడైంది, లేదా లీవరు పూర్తిగా దిగడం లేదు. ఆరకపోతే ఆయిల్ డబ్బా కనెక్టరు తీసి చూడండి. చాలా కార్లలో అప్పుడు ఆరితే తప్పు బెండుదే, రెండూ తీసినా వెలుగుతుంటే వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందని అర్థం. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లకు ఈ పరీక్ష పనికిరాదు, స్కానరు (కారు కంప్యూటరులోని లోపాలను చదివే పరికరం) పెట్టించాలి. ఎర్ర లైటుతో పాటు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే వ్యవస్థ) లైటు కూడా వెలిగినా స్కానరే శరణ్యం. అలాంటప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి పక్కకు తిరిగిపోవచ్చు, వర్క్‌షాపు దాకా నెమ్మదిగా వెళ్లండి.